హృదయమున లోపించిన 25 అక్షరములు

మన పల్లెలలో అప్పుడప్పుడొక దుర్వార్త వినవచ్చుచుండును. నిన్నటి వరకు నాగలి పట్టి దున్నిన యువకుడు, సాయంకాలము తోడివారితో కబడ్డీ ఆడిన యువకుడు, ఉన్నట్టుండి కుప్పకూలి మరణించెను. జ్వరము లేదు. దెబ్బ లేదు. పురుగు ముట్టినదియు కాదు. ఇంటివారు గోలుగోలున ఏడ్చుచుందురు. ఊరివారు తలకొక మాట చెప్పుచుందురు. ఒకరు దిష్టి తగిలినదందురు. మఱియొకరు గాలి సోకినదందురు. ఇంతలో వయసు మీరిన ముదుసలి యొకతె కొంగుతో కన్నులు తుడుచుకొనుచు, "వీని మేనమామయు ఇట్లే పోయెను గదా!" అని మెల్లగా అనును. ఈ మూడు మాటలలో వైద్యుడు చెవియొగ్గి వినవలసినది ఆ ముసలమ్మ మాట.

తల్లి చాయ, తండ్రి ముక్కు, తాత నడక బిడ్డలకు వచ్చుట మనమందరము ఎరిగినదే. రూపమువలెనే కొన్ని రోగములును వంశమున దిగివచ్చును. అయితే ముక్కు ఎల్లరకు కనబడును. గుండెలోని లోపము ఎవరికిని కనబడదు. దానిని మోయుచున్నవానికే దాని సంగతి తెలియదు. ఇట్టి లోపమొకటి మన దేశమున కోట్లకొలది జనుల జీవకణములలో దాగియున్నదనియు, అది వేల యేండ్ల నాటిదనియు 2009వ సంవత్సరము జనవరిలో లోకమునకు వెల్లడియాయెను. దానిని వెలికి తీసిన పనికి ముఖ్యస్థానము మన హైదరాబాదు నగరము. ఆ పని యెట్లు జరిగెనో, దానికి పూనుకొనిన శాస్త్రజ్ఞుడెవరో తెలిసికొనుటకు ముందు, గుండె యెట్లు పనిచేయునో కొంచెము చూడవలయును.

గుండె పిడికిలంత కండ. అది నిమిషమునకు ఇంచుమించు 70 సార్లు, దినమునకు లక్ష సార్లు ముడుచుకొని విచ్చుకొనును. చేతి కండకు అలసట కలిగినప్పుడు మనము దానికి విశ్రాంతి నిచ్చెదము. గుండెకు అట్టి సెలవు లేదు; రెండు కొట్టుకొనుటల నడుమ నున్న క్షణమే దాని విశ్రాంతి. ఆ కండను గొప్ప సూక్ష్మదర్శినితో చూచినచో, అందు సన్నని పోగులు, లావు పోగులు బారులు తీరి కనబడును. లావు పోగులు మయోసిన్ అను మాంసకృత్తుతోను, సన్నపోగులు ఆక్టిన్ అను మాంసకృత్తుతోను ఏర్పడినవి. బావిలోని చేదను పైకి తీయునపుడు మనము త్రాటిని ఒక చేత విడుచుచు, ఒక చేత పట్టుచు లాగుదుము గదా! మయోసిన్ ఆక్టిన్ పోగును అట్లే పట్టి లాగును. లాగినపుడు కండ ముడుచుకొనును; విడిచినపుడు విచ్చుకొనును.

ఇక మూడవది యొకటి కలదు. దాని పేరు మయోసిన్ బంధక మాంసకృత్తు-సి. గడ్డిమోపును బిగించి పట్టిన కట్టుత్రాడువలె అది లావు పోగులను చెదరకుండ ఒక చోట నిలుపును. అంతియే కాదు, లాగుట మితిమీరకుండ అదుపు చేయుటయు దాని పనియే. లాగువాని బలమును గూర్చి అందరు మాటలాడుదురు. కట్టుత్రాటిని తలచువారు తక్కువ. శాస్త్రజ్ఞులును చాలకాలము దీనిని అంతగా లెక్కచేయలేదు. మన కథకు నాయకుడు ఈ కట్టుత్రాడే.

దేహములోని ప్రతి మాంసకృత్తును తయారుచేయు విధానము కణములోని డి.ఎన్.ఏ.యందు వ్రాయబడియుండును. ఆ వ్రాతకు నాలుగే అక్షరములు. ఆ నాలుగింటిని మార్చి మార్చి కూర్చగా ఏర్పడిన గ్రంథమున సుమారు 300 కోట్ల అక్షరములుండును. అందొక్కొక్క అధ్యాయమును జన్యువందురు. ప్రతి జన్యువును మనయందు రెండు ప్రతులుగా నుండును. ఒకటి తండ్రి యిచ్చినది, రెండవది తల్లి యిచ్చినది. బంధక మాంసకృత్తు-సి కి సంబంధించిన జన్యువు పదునొకండవ క్రోమోజోముపై నున్నది. దానిలో సుమారు 21,000 అక్షరములు గలవు. వ్రాయసకాడు తాటియాకు గ్రంథమునకు ప్రతి వ్రాయునపుడు ఎక్కడనో యొకచోట అక్షరము తప్పిపోవుట, పంక్తి జారిపోవుట కలదు. ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటియందును ఆ తప్పు నిలిచిపోవును. జన్యువులందును అట్లే జరుగును.

యువకులు హఠాత్తుగా మరణించుటకు హృదయకండరము అసహజముగా దళసరియగుట ఒక కారణమని లండను నగరమున డోనాల్డ్ టియర్ అను వైద్యుడు 1958లో స్పష్టముగా వివరించెను. అట్లు మరణించినవారి గుండెలను అతడు కోసి చూడగా, గోడ ఒకవైపు మిక్కిలి లావెక్కియుండెను. ఇది వంశమున వచ్చునదని తరువాతి పరిశోధకులు కుటుంబముల చరిత్రలు సేకరించి గ్రహించిరి. 1990లో అమెరికాలోని బోస్టను నగరమున క్రిస్టీన్ సీడ్మన్, జోనథన్ సీడ్మన్ అను దంపతులు తమ తోడివారితో కలసి ఈ వ్యాధికి మూలమైన మొదటి జన్యులోపమును కనుగొనిరి. అది మయోసిన్‌కు చెందినది. 1995లో ప్యారిసు, బోస్టను నగరముల శాస్త్రజ్ఞులు బంధక మాంసకృత్తు-సి జన్యువునందును ఇట్టి లోపములు కలవని చూపిరి. కట్టుత్రాటికి అప్పుడు గౌరవము వచ్చెను.

ఇంతవరకు జరిగిన పరిశోధనలు ఎక్కువగా ఐరోపా, అమెరికా దేశముల కుటుంబములకు సంబంధించినవి. మన దేశపు గుండెల మాట యేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనము దూరదేశము పోనక్కరలేదు. రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరమున బస్సెక్కినవారు ఉత్తరముగా హైదరాబాదు నగరము చేరి, తార్నాక దాటి ఉప్పలునకు పోవు మార్గమున హబ్సీగూడ వద్ద దిగినచో చాలును. అచట విశాలమైన ఆవరణలో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. జనులు దానిని పొట్టిగా సి.సి.ఎం.బి. అందురు. పి. ఎం. భార్గవ అను శాస్త్రజ్ఞుని పట్టుదల వలన అది 1977లో ప్రారంభమై, 1987లో నేటి భవనములతో జాతికి అంకితమాయెను.

ఆ సంస్థయందు చిరకాలము పనిచేసిన శాస్త్రజ్ఞుడు కుమారసామి తంగరాజ్. ఆయన పుట్టినది తమిళనాడున; కర్మభూమిగా చేసికొనినది హైదరాబాదు. అచట ఆయనకు పెద్దదిక్కుగా నున్నవారు లాల్జీ సింగ్. ఉత్తరప్రదేశములోని జౌన్‌పూరు జిల్లాలో కల్వారీ అను పల్లెలో పుట్టి, డి.ఎన్.ఏ. ముద్రల వలన మనుష్యులను గుర్తించు విద్యను మన దేశమున న్యాయస్థానముల వరకు తెచ్చిన ప్రసిద్ధుడాయన. 1998 నుండి 2009 వరకు ఆ సంస్థకు సంచాలకుడుగా నుండెను. ఈ ఇరువురును కలసి చేసిన పనులలో అండమాను దీవుల ఆదివాసుల జన్యువులను పరిశీలించుట ఒకటి. ఆ దీవులలోని ఓంగీ, గ్రేట్ అండమానీ జాతులవారు మిక్కిలి ప్రాచీనకాలమున ఆఫ్రికా నుండి బయలుదేరిన మానవుల సంతతివారని వారి పరిశోధన 2005లో తెలిపెను.

గుండెజబ్బును గూర్చిన వ్యాసమున అండమాను దీవుల ప్రసంగమేల యని మీరు అడుగవచ్చును. సమాధానము కలదు. మన దేశమున వేలకొలది జనవర్గములు కలవు. ఒక్కొక్క వర్గమువారు తమలో తామే వివాహములు చేసికొనుచు తరతరములుగా జీవించుచున్నారు. ఎవరి పూర్వులెవరో, ఎవరియందు ఏ పాత వ్రాతలు నిలిచియున్నవో తెలియనిదే, రోగము ఎచటనుండి వచ్చెనో చెప్పుట కష్టము. కావున తంగరాజ్ బృందము ఏండ్లతరబడి కొండలకును, అడవులకును, తీరములకును పోయి జనుల అనుమతితో రక్తము సేకరించెను. ఒక్కొక్కరి నుండి తీసికొనునది కొద్ది చెంచాల రక్తము మాత్రమే. దానిని గడ్డకట్టకుండ నాళికలలో భద్రపరచి, చల్లగా ఉంచి, ప్రయోగశాలకు చేర్చి, అందుండి డి.ఎన్.ఏ.ను వేరుచేయవలయును. రక్తమిమ్మని అడుగుట సులభము కాదు. ఎందుకు, ఏమి చేయుదురు, మాకేమి కీడు అని జనులు ప్రశ్నింతురు. ప్రశ్నించుట వారి హక్కు. ఆ ప్రశ్నలకు ఓపికతో బదులు చెప్పనేరనివాడు ఈ శాస్త్రమునకు తగడని నా అభిప్రాయము. పూర్వుల చరిత్రకై కూర్చిన ఆ భాండాగారమే తరువాత గుండెజబ్బు రహస్యము తెలియుటకు తోడ్పడెను.

2003లో రెండు భారతీయ కుటుంబములయందు ఒక వింత లోపము కనబడెను. ఆ కుటుంబములలో హృదయకండర వ్యాధి కలదు. వ్యాధిగలవారి బంధక మాంసకృత్తు-సి జన్యువున ఒకచోట వరుసగా 25 అక్షరములు లోపించియుండెను. రెండు కుటుంబముల మాట యగుటచేత దీనిని ఎవరును అంత గొప్పగా తలచలేదు. ఒక యింటి దొంగను గూర్చి ఊరంతటికి దండోరా వేయరు గదా!

కొంతకాలమునకు మదురై కామరాజ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యువ పరిశోధకుడు పెరుందురై ఎస్. ధండపాణి, తంగరాజ్, మఱి కొందరు ఈ లోపమును పట్టుకొని వెదకుట మొదలిడిరి. ఇది ఒక్కరి వలన అగు పని కాదు. మదురై, హైదరాబాదు, తిరువనంతపురము, ముంబయి, చండీగఢ్ నగరముల వైద్యులును, శాస్త్రజ్ఞులును చేతులు కలిపిరి. హైదరాబాదు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర శాఖకు చెందిన ప్రతిభా నల్లారి, సి.సి.ఎం.బి.కి చెందిన దీపా సెల్వి రాణి, హృద్రోగ వైద్యులు నరసింహన్ మొదలగువారు ఇందు పాల్గొనిరి. ఇంగ్లండు, అమెరికా, పాకిస్తాను దేశముల శాస్త్రజ్ఞులును తోడైరి. చివరకు వెలువడిన వ్యాసముపై నున్న పేర్లు 25. లోపించిన అక్షరములును 25, వెదకినవారును 25! ఇది కేవలము కాకతాళీయమే.

వారు అవలంబించిన పద్ధతి చూడుడు. రోగులను మాత్రమే పరీక్షించిన చాలదు. రోగులయందు ఒక గుర్తు కనబడినంత మాత్రమున అదియే రోగకారణమని చెప్పరాదు. ఆరోగ్యవంతులయందును అది అంతే సంఖ్యలో నుండవచ్చును. రోగులలో సగము మందికి మీసములున్నవని మీసములు రోగకారణమగునా? కావున వారు ఇంచుమించు 800 మంది హృద్రోగులను, 700 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి సరిపోల్చిరి. ఫలితము మొదట ఒక సముదాయమున చూచి, సరియగునో కాదో యని వేరొక సముదాయమున మరల చూచిరి. రెండు పర్యాయములును ఒకే దిక్కు చూపెను. లోపమున్నవారికి గుండె బలహీనపడు అవకాశము, లేనివారికంటె ఇంచుమించు ఏడు రెట్లు అధికముగా నుండెను.

పిదప వారు రోగులను విడిచి, సామాన్య జనులవైపు చూచిరి. దేశపు నలుమూలల నుండి 107 జనవర్గములకు చెందిన 6,273 మంది డి.ఎన్.ఏ.ను పరీక్షించిరి. నూటికి నలుగురిలో ఈ లోపము కనబడెను! రెండు కుటుంబముల మాట అనుకొనినది దేశపు మాట యాయెను. దక్షిణాసియా మొత్తమున ఆరు కోట్ల మందికి ఇది ఉండవచ్చునని లెక్క తేలెను. పాకిస్తాను, శ్రీలంకలలోను, స్వల్పముగా ఇండోనేషియా, మలేషియాలలోను ఇది కనబడినది. ఐరోపా, ఆఫ్రికా దేశముల జనులలో కనబడలేదు. ఐరోపా కుటుంబములను మాత్రమే చూచిన శాస్త్రజ్ఞులకు ఇది ఏల తెలియలేదో ఇప్పుడు మీకు అర్థమై యుండును.

నూటికి నలుగురన్నచో, 50 మంది పిల్లలున్న తరగతిలో సగటున ఇద్దరు. ఈ మాట చదివి ఎవరును గుండెపై చేయి వేసికొని దిగులుపడనక్కరలేదు. ఆ ఇద్దరును రోగులని దీని అర్థము కాదు. లోపము గలవారిలో పెక్కుమంది నిండు జీవితము గడపి, మనుమల నెత్తుకొని, వేరే కారణముచే కన్నుమూయుదురు. ఇది ఎట్లు సాధ్యమని తంగరాజ్ బృందమును వేధించిన ప్రశ్న. దాని సమాధానమునకు లోపము చేయు హాని యెట్టిదో తెలియవలయును.

జన్యువులోని అక్షరములన్నియు మాంసకృత్తుగా మారవు. దర్జీ గుడ్డలోని పనికిరాని పేలికలను కత్తిరించి పారవైచి, మంచి ముక్కలను వరుసగా కుట్టును. కణమును అట్లే జన్యువు ప్రతిని తీసి, నడుమనున్న అనవసర భాగములను కత్తిరించి, మిగిలినవానిని అతుకును. ఎక్కడ కత్తెర వేయవలయునో తెలుపు గుర్తులు ఆ అనవసర భాగములలోనే ఉండును. లోపించిన 25 అక్షరములు అట్టి గుర్తుల చోటివి. గుర్తు చెరిగినందున దర్జీ పొరబడును. పేలికతోపాటు దాని ప్రక్కనున్న మంచి ముక్కను కూడ పారవైచును. అప్పుడు పుట్టిన మాంసకృత్తుకు తోక వంకరయగును. కట్టుత్రాటి కొస చెడినచో ముడి నిలుచునా? అట్టి మాంసకృత్తు పోగులతో సరిగా ఇముడదు.

అయితే కణము అమాయకురాలు కాదు. చెడిన సరకును గుర్తించి విరిచి పారవేయు ఏర్పాటు దానికి కలదు. ఇంటిని దినదినము ఊడ్చు ఇల్లాలివలె అది చెడు మాంసకృత్తును తొలగించుచుండును. యౌవనమున ఈ పని చురుకుగా సాగును. కావున లోపము గలవాడును ఆరోగ్యముగా తిరుగుచుండును. వయస్సు మీరుకొలది ఊడ్చు చేయి మందగించును. చెత్త పేరుకొనును. నడివయస్సు దాటిన పిదప గుండె బలహీనపడుట ప్రారంభించును. తంగరాజ్, ఆయన తోడివారును 2009లో ఇచ్చిన వివరణము ఇది.

ఈ వివరణమున ఇంకొక చిక్కుముడియు విడివడెను. ఇంత చెడ్డ లోపము వేల యేండ్లుగా ఏల నశింపలేదు? బాల్యముననే చంపు లోపము త్వరలో మాయమగును. దానిని మోయువాడు బిడ్డలను కనకముందే మరణించును గదా! నడివయస్సు దాటిన తరువాత హాని చేయు లోపము అట్లు కాదు. అప్పటికే అది బిడ్డలకు చేరిపోయియుండును. ఈ 25 అక్షరముల చుట్టు పేరుకొనిన చిన్న మార్పులను లెక్కించి, ఇది సుమారు 33,000 సంవత్సరముల నాడు పుట్టియుండునని వారు అంచనా వేసిరి. అప్పటికి వ్యవసాయము లేదు, ఊరు లేదు, మహేశ్వరమున కోనేరు లేదు. ఎవరో యొకరియందు ప్రతి వ్రాయుటలో జరిగిన ఒక పొరపాటు నేడు వేర్వేరు భాషలు పలుకు, వేర్వేరు దేవతలను కొలుచు జనులయందు ఒకే రూపమున నున్నది. ఒకరినొకరు పరాయివారని తలచు కుటుంబములు ఒకే తాత వ్రాతను గుండెలో మోయుచున్నవి.

మేనరికములు మన ప్రాంతమున ఎక్కువ. దగ్గర చుట్టములైన భార్యాభర్తల కిద్దరికిని ఒకే లోపముండు అవకాశము హెచ్చు. అట్టివారి బిడ్డకు రెండు ప్రతులును చెడినవే రావచ్చును. అప్పుడు వ్యాధి చిన్నతనముననే తీవ్రముగా కనబడవచ్చును. పెండ్లి చర్చలలో ఆస్తిపాస్తులను గూర్చి రెండు గంటలు మాటలాడు పెద్దలు ఈ సంగతిని రెండు నిమిషములైన తలచినచో బాగుండును.

ఇంతటితో కథ ముగిసినదని పాఠ్యపుస్తకములు వ్రాసిన దినములుండవచ్చును. కాని శాస్త్రము అచట ఆగలేదు. 2009 నాటి నిర్ణయమును తరువాతి వారు మరల మరల పరీక్షించిరి. 2018లో అమెరికాలో నివసించు దక్షిణాసియావారిపై జరిగిన పరిశోధన ఒకటి వెలువడెను. 2009 నాటి వ్యాసకర్తలలో ఒకరైన శక్తివేల్ సదయప్పన్ అందును ముఖ్యుడు. పరీక్షింపబడినవారిలో నూటికి ఆరుగురియందు 25 అక్షరముల లోపము కనబడెను. అట్టివారిలో ఇంచుమించు పదవ వంతు మందికి అదే జన్యువున మఱియొక చిన్న మార్పు కూడ నుండెను. గుండె పనితీరున తేడా స్పష్టముగా కనబడినది ఈ రెండును గలవారియందు. 25 అక్షరములు మాత్రమే లోపించినవారి గుండెలు ఇతరుల గుండెలవలెనే యుండెను! 2020లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులును అదే జన్యువున వేరొకచోట మారిన ఒకే యొక అక్షరమును పట్టుకొని, కండరము దళసరియగు వ్యాధికి అసలు దోషి అదియే కావచ్చునని చూపిరి. ఆ దోషి 25 అక్షరముల లోపమును అంటిపెట్టుకొని కొన్ని వంశములలో దిగివచ్చుచున్నది. ఇద్దరును ఎప్పుడును కలసి తిరుగుటచేత, ఒకడు చేసిన తప్పు రెండవవానిపై పడినదన్నమాట.

అయినచో 2009 నాటి శ్రమ వ్యర్థమా? నేనట్లు తలపను. ఆ లోపము రోగులయందు అధికముగా నున్నదన్న లెక్క తప్పు కాదు. లెక్కకు చెప్పిన కారణమునే సవరింపవలసివచ్చెను. 25 అక్షరములను గుర్తుగా పట్టుకొని వెదకినందుననే వాని ప్రక్కనున్న దోషులు దొరకిరి. లోపము గల కోట్లమందిలో నిజముగా అపాయమున నున్నవారు కొద్దిమందియే యని తెలియుట గొప్ప ఊరట. ఆ కొద్దిమంది ఎవరో వేరుచేసి చూపుటయే ఇప్పటి పని. వృద్ధాప్యమున ఒంటరి లోపము చేయు కీడెంత యన్నది ఇంకను పరిశోధనలోనే యున్నది.

తంగరాజ్ ఆ పిమ్మట ఒక్క గుండెకే అంకితమై యుండలేదు. 2009లోనే లాల్జీ సింగ్‌తోను, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ మొదలగువారితోను కలసి, భారతీయులలో పెక్కుమంది రెండు ప్రాచీన జనసముదాయముల కలయిక వలన ఏర్పడినవారని తెలుపు వ్యాసమును ప్రకటించెను. తమలో తామే వివాహములాడు చిన్న వర్గములలో కొన్ని వంశపు రోగములు ఏల పేరుకొనునో 2017 నాటి మఱియొక పరిశోధన వివరించెను. 2020లో ఆయన హైదరాబాదులోనే డి.ఎన్.ఏ. ముద్రల, రోగనిర్ణయ కేంద్రమునకు సంచాలకుడాయెను. లాల్జీ సింగ్ మాత్రము 2017లో పరమపదించెను. ఆయన ప్రాణము పోయినదియు గుండెపోటు చేతనే.

ఇప్పుడు మనము మొదట చెప్పుకొనిన ఇంటికి మరల పోవుదము. హృదయకండర వ్యాధి గలదని తేలిన ఇంట, వైద్యుడు రోగిని మాత్రమే చూచి ఊరకుండడు. అన్నదమ్ములను, అక్కచెల్లెండ్రను, బిడ్డలను పిలిపించును. మీ యింట చిన్నవయసున హఠాత్తుగా ఎవరైన పోయిరా, పరుగెత్తునపుడు ఎవరికైన స్పృహ తప్పెనా అని అడుగును. గుండె విద్యుత్తును కాగితముపై గీయు పరీక్ష, ధ్వనితరంగములతో గుండె గోడను చూపు ఎకో పరీక్ష చేయించును. ఈ రెండింటికిని సూది లేదు, నొప్పి లేదు. అవసరమైనచో రక్తము తీసి జన్యువును చదివింతురు. గోడ దళసరియైనదని తేలినవానికి గుండె వేగము తగ్గించు మందులిత్తురు. ఏ ఆటలు ఆడవచ్చునో, ఏవి కూడదో తెలుపుదురు. అపాయము మిక్కుటముగా నున్నచో ఎదచర్మము క్రింద చిన్న యంత్రము నమర్చుదురు. గుండె లయతప్పి కొట్టుకొనునపుడు ఆ యంత్రమే విద్యుత్తుతో తట్టి దానిని దారికి తెచ్చును. మేనమామ నాడు ఈ పరీక్షలు లేవు. నేడు పెద్ద ఆసుపత్రులలో అవి కలవు. వానిని అడుగవలెనని తెలియుటకు, "వీని మేనమామయు ఇట్లే పోయెను" అన్న ఆ ముసలమ్మ మాటను ఎవరైన వైద్యుని చెవిని వేయవలయును.